తొమ్మిది పడాలి

అయిదో స్తంభం మళ్ళీ కుంగింది.

పాచికల మీద పడింది నాలుగే. ఇంజనీరు వాటి వైపు కొరకొరా చూశాడు. భోజనాల బల్ల మీద అట్టముక్క, దాని మీద నీలం రంగుతో గీసిన నది, నదికి అడ్డంగా స్తంభాల్లా నిలబెట్టిన అగ్గిపెట్టెలు. కూతురు అయిదో అగ్గిపెట్టెను వేలితో పడగొట్టింది.

“కింద ఒండ్రు జారింది. స్తంభం జానెడు కుంగింది. అది పగుళ్ళిచ్చింది,” అంది కథ చెబుతున్నట్టు.

ఈ ఆట ఆమెదే. సెలవులకు వచ్చి చూస్తే తండ్రి ఎప్పుడూ ఏదో ఆలోచనలో ఉంటున్నాడు. సరే, ఆయన పనినే ఆటగా చేద్దామనుకుంది. పెద్ద నది మీద వంతెన కట్టాలి. కథ నడిపేది ఆమె. ఇంజనీరుది ఇంజనీరు వేషమే. మేనమామ కాంట్రాక్టరు. అమ్మకి నది వేషం ఇచ్చారు. వంతు వచ్చినప్పుడల్లా ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూనే “పొంగుతున్నా” అంటుంది.

“ఈ పాచికలే సరిగ్గా లేవు,” అన్నాడు ఇంజనీరు.

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట,” బావమరిది నవ్వాడు. “రెండో మట్టి పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగితే పోలా బావా? ఆటలో మూడు వంతులు ఆగితే చాలుగా.”

“ప్రారంభోత్సవం తేదీ దాటిపోతుంది.”

“దాటితే దాటనీ. ఆటే కదా.”

“ఆగే వీల్లేదు. ఆగకుండానే నిలబడాలి.”

మూడు ఆదివారాలుగా ఇదే తంతు. పునాది లోతు పెంచుదామంటే వద్దంటాడు. స్తంభం జరుపుదామన్నా వద్దే. అదే స్తంభం, అక్కడే, ఆ రిపోర్టు లేకుండానే. ఓడిన ప్రతిసారీ విసుక్కుని కుర్చీ వెనక్కి తోస్తాడు. మళ్ళీ తనే లాక్కుని కూర్చుంటాడు.

“మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు,” అంది నది. “నిద్ర లేదు, తిండి లేదు. ఇంక ఈ ఆట మానేద్దురూ.”

“ఒక్కసారి నిలబడనీ. హాయిగా నిద్రపోతాను.” కూతురి వైపు తిరిగాడు. “తొమ్మిది పడాలని ఎవరు పెట్టారీ రూలు? అయిదు చాలదా?”

కూతురికీ ఒళ్ళు మండింది. “నేనేం గాల్లోంచి తేలేదు నాన్నా. నువ్వు రాసిచ్చిన మట్టి లెక్కలు చూసే పెట్టాను. అసలవి ఎక్కడివి?”

“ఏదో ఊహించి రాశాన్లే,” అని పాచికలు గుప్పిట్లోకి తీసుకున్నాడు.

ఆరు, అయిదు. పదకొండు.

బావమరిది బల్ల చరిచాడు. కూతురు అయిదో అగ్గిపెట్టెను నిలబెట్టి, దాని మీద ఇంకో అట్టముక్కని వంతెనగా పరిచింది. ఇంజనీరు కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు.

“అయిపోయింది,” అని లేవబోయాడు.

“అప్పుడేనా? కూర్చో నాన్నా. ఇప్పుడిక బళ్ళు తిరుగుతాయి. వాన వచ్చినప్పుడల్లా మళ్ళీ వేయాలి.”

“నిలబడిందిగా. ఇంకా వేయడమేంటి?”

“పైన వంతెన నిలబడింది. కింద మట్టి అదేగా. తొమ్మిది పడితే ఆ వానకి గట్టెక్కినట్టు. పడకపోతే, అప్పుడు వంతెన మీద ఎవరుంటే వాళ్ళు...”

“ఎన్నాళ్ళు వేయాలిలా?”

“వంతెన ఉన్నన్నాళ్ళు.”

ఆయన పాచికలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. బయట ఉరిమింది. అమ్మ కత్తిపీట పక్కన పెట్టి, ఆరేసిన బట్టల కోసం లేచింది.

“నా వంతు వచ్చినట్టుంది,” అంది.

అందరూ నవ్వారు, ఇంజనీరు తప్ప. కిటికీ అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. ఆయన పాచికలు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఫోను తీసి పై అధికారికి చేశాడు.

“పోయిన నెల మనం తెరిచిన వంతెన మీద బళ్ళన్నీ ఇప్పుడే ఆపించండి సార్, అయిదో స్తంభానికి నేను రెండో మట్టి పరీక్ష రిపోర్టు రాకుండానే కాంక్రీటు పోయించాను.”