గేర్లున్న ఆట

“గోడకు గుద్దితే బండి సొట్టపోవాల. టైరు పగిలితే ఆట అయిపోవాల. ఆటంటే అదీ,” అన్నాడు దానియేలు.

“దానికి ఆటెందుకు? మన టెంపో ఎక్కి హైవే మీదికి పో,” అంది సారా. “గుద్దుకున్నా తుళ్లి మళ్లా రోడ్డు మీదికే రావాల. గాల్లో ఎగరాల. లేకుంటే మజా యాడుండాది?”

సోమందేపల్లెలోని ఆ చిన్న ఇంట్లో అన్నాచెల్లెళ్ల పంచాయితీ పొద్దున్నుంచీ తెగడం లేదు. క్రిస్మస్‌కు రెండు కొత్త వీడియో రేసు ఆటలు వస్తున్నాయి. ఒకటి అచ్చం నిజం బండే: క్లచ్చు, గేర్లు, వేడెక్కే బ్రేకులు, అన్నీ ఉంటాయట. రెండోది ఒట్టి తమాషా. మీట నొక్కి పట్టుకుంటే చాలు, కొండలైనా దూకేస్తుంది. దానియేలు బెంగుళూరు నుంచి తెచ్చిన పాత స్టీరింగు, పెడళ్లు, గేరు కడ్డీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీ ముందు బిగించి ఉన్నాయి. రెండిట్లో ఒకటి తానే కొనిస్తానన్నాడు వాళ్ల నాయన జయరాజు.

ఆ మాటకు పిల్లలిద్దరూ నోరెళ్లబెట్టారు. వయసంతా టమోటా లోడ్లు తోలిన మనిషికి ఆ బొమ్మ స్టీరింగును చూస్తేనే ఒళ్లు మండేది. తల్లి కృపాకుమారి సంగతి చెప్పనే అక్కర్లేదు. “కరెంటు దండగ, కండ్లు దండగ,” అంటూ పిల్లలు ఆట మధ్యలో ఉండగానే స్విచ్చి ఆపేసేది.

అంతా పోయిన నెల కొండ దిగుడుతో మారిపోయింది. నిండు లోడుతో దిగుతున్న టెంపో అదుపు తప్పింది. ఆ దిగుడు జయరాజుకు సగమే గుర్తు. మిగతా సగం ఆసుపత్రిలో మంచం మీద తెలుసుకున్నాడు. అప్పటి నుంచీ మాత్రలు మింగుతూ ఇంటిపట్టున ఉన్నాడు. తింటున్న ప్రతి ముద్దా కొత్తగా ఉంది. ఇంటిముందు ఎండకు మాడిన వేపచెట్టు కూడా ముద్దొస్తోంది. రేపు ఇంట్లో కృతజ్ఞత కూడిక. పాస్టరు గారు వస్తారు, వీధంతా భోజనానికి వస్తుంది.

పక్కింటి కుళ్లాయప్ప కూడిక కోసం కుర్చీలు తెచ్చి దింపాడు. ఆ రోజు ట్రాక్టరుతో టెంపోను ఇసుకలోంచి బయటికి లాగింది అతనే.

“ఏమప్పా జయరాజన్నా, నేను పోయి చూస్తే బండి సెకండు గేరులో ఉండాది. బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే లోయలోకి పోయుందువు. గేరు తగ్గించి, రోడ్డు పక్క ఇసుక గుట్ట చూసి ఎక్కించినావే. ఏం చెయ్యప్పా నీది!”

“నాదేముందిలే కుళ్లాయప్పా,” అన్నాడు జయరాజు తల వంచుకుని.

“పక్కన కూర్చున్న వదినె ఎంత భయపడిందో పాపం,” అంటూ కుళ్లాయప్ప వెళ్లిపోయాడు. వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తున్న కృపాకుమారి తలెత్తలేదు.

“విన్నావా?” దానియేలు చెల్లెలి మీద పడ్డాడు. “నాయనను కాపాడింది గేరు. గేర్లున్న ఆటే కొనాల. అది సరేగానీ, పాత ఆటలో నా టైమును ఎవరో దాటేసినారు. నువ్వేనా?”

“నీ గేర్ల ఆట నేను ముట్టను.”

“మరి నేను డ్యూటీకి పోయొచ్చేలోపల కుర్చీని ముందుకు జరిపేదెవరు?”

“నేను కాలేజీకి పోయుంటా. దయ్యమేమో అడుగు.”

జయరాజు గట్టిగా దగ్గాడు.

“నాయనా, నువ్వు చెప్పు. ఏది?” అన్నాడు దానియేలు.

జయరాజు ఎప్పుడో తేల్చుకున్నాడు. గేర్లదే కొనాలని ఆసుపత్రిలోనే మనసులో అనుకున్నాడు. ఎందుకో మాత్రం పిల్లలకు చెప్పనని ఒట్టు వేసి ఉన్నాడు. నోరు తెరవబోతుంటే సారా వచ్చి అతని మోకాలి దగ్గర కూర్చుంది.

“నాకు పగిలిపోయే బండ్లు వద్దు నాయనా. ఆసుపత్రిలో నిన్ను చూసినా గదా. గుద్దుకున్నా లేచి మళ్లా పోయే ఆట ఉంటే చాలు.”

జయరాజుకు గుండె కరిగిపోయింది. బిడ్డ అడిగేదాంట్లో తప్పేముంది? కానీ గేర్ల ఆటకు తాను రుణపడి ఉన్నాడు. అది కొనకపోతే రేపు కూడికలో మోకరించి చేసే ప్రార్థన సగమే అవుతుంది. ఏమీ తోచక వంటింటి వైపు చూశాడు.

“కుమారీ, ఇట్లా రా. నువ్వే తేల్చు.”

పిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు.

“అమ్మనా? రెండూ వద్దంటుంది, చూడు,” అంది సారా.

కృపాకుమారి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొగుడి వైపు ఒకసారి, కూతురి తడి కళ్ల వైపు ఒకసారి చూసింది. ఇంక దాచి లాభం లేదనుకుందో ఏమో, కుర్చీని అలవాటుగా ముందుకు లాక్కుని స్టీరింగు ముందు కూర్చుంది. ఎడమ కాలు నేరుగా క్లచ్చు మీదికి పోయింది.

“గేర్లుండేదే తెప్పించు దానియేలూ. మధ్యాహ్నాలు మీరు లేనప్పుడు నేను నేర్చుకున్నది అట్లాంటి ఆటే,” అంది.

దానియేలు నవ్వు ఆగిపోయింది. “నువ్వు నేర్చుకుని ఏం చేస్తావమ్మా?”

కృపాకుమారి గేరు కడ్డీ మీద చెయ్యి వేసింది.

“ఆ పొద్దు స్టీరింగు మీదనే తెలివి తప్పిన మీ నాయనను పక్కకు నెట్టి, బండిని దిగుడు దించింది నేనే.”