ఏడు వారాల కుర్చీ

“ఈ పన్ను ఉంచితే పక్క రెండూ పోతాయి. తీయాల్సిందే,” అన్నాడు పళ్ల డాక్టరు.

“తీశాక మళ్లీ ఎన్నాళ్లకి ఊదొచ్చు?”

“కొత్తది కట్టాలి, అది కుదురుకోవాలి. ఏడు వారాలు వేసుకోండి.”

మాస్టారు తెరిచిన నోరు మూయకుండానే లెక్క వేశాడు. ట్రంపెట్ వాయించేవాడికి ముందు పన్నంటే దుకాణానికి తలుపు. ఏడు వారాలు మూసిన దుకాణం ముందు ఎవరూ కాచుకుని ఉండరు. హోటల్ జాజ్ బ్యాండులో ఇరవై ఆరేళ్లుగా ట్రంపెట్ కుర్చీ ఆయనది. సంగీత పాఠశాల ఆయన చేత పాఠాలు చెప్పించేది ఆ కుర్చీని చూసే. కుర్చీ పోతే పాఠశాలా పోతుంది. యాభై ఎనిమిదో ఏట ఇంకో కుర్చీ పుట్టదు.

బ్యాండుల్లో ఒక పద్ధతి ఉంది. రాలేనివాడు తన బదులు మనిషిని తనే పంపాలి.

“మీ శిష్యుల్లో అందరికంటే బాగా వాయించేవాణ్ణి పంపండి. మీకూ పేరొస్తుంది,” అంది భార్య.

“పేరొస్తుంది, కుర్చీ పోతుంది. మా గురువుగారు జ్వరమొచ్చి రెండు వారాలకని నన్ను పంపారు. ఆ రెండు వారాలే ఇరవై ఆరేళ్లయ్యాయి.”

“అయితే చేతకానివాణ్ణి పంపండి.”

“మూడో రోజే వాణ్ణి గెంటేసి బ్యాండు లీడరు బయటివాణ్ణి తెచ్చుకుంటాడు. నాకంటే ఆవగింజంత తక్కువ వాయించే మనిషి కావాలి. ఆవగింజే. తూకం ఎటు మొగ్గినా మునిగేది మనమే.”

“ఎవర్నో అనుకునే ఉంటారు మీరు.”

“పోస్టాఫీసు.”

పోస్టాఫీసు అంటే నలభయ్యేళ్ల ఆవిడ. పగలంతా ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, సాయంత్రం అయిదింటికి పాఠానికొస్తుంది, ఆరేళ్లుగా. మాస్టారి దగ్గర కాగితం మీద రాసిన పాఠం ఉండదు. ఆయన వాయిస్తాడు, శిష్యులు విని అదే తిరిగి వాయించాలి. సొంత తెలివి ఆ తరవాతే. పోస్టాఫీసు ఆ మాటని అక్షరాలా పట్టుకుంది.

“నేను వంటింట్లో ఉంటే, మీరెక్కడ ఆపారో ఆవిడెక్కడ మొదలెట్టిందో తెలీదు,” అంది భార్య.

“కొసలో తెలుస్తుందిగా!”

బ్యాండు రోజూ ఆఖరున వాయించే పాట ఒకటుంది. దాని కొసలో తక్కిన వాద్యాలన్నీ ఆగిపోతాయి. ట్రంపెట్ ఒక్కటే మెట్టుమీద మెట్టుగా నాలుగు స్వరాలు పైకెక్కాలి. పోస్టాఫీసు మూడెక్కుతుంది. నాలుగోది అందుకోకుండా మూడోదాన్నే సాగదీసి దిగిపోతుంది. మాస్టారు దాన్ని ఏనాడూ దిద్దలేదు. మొదట్లో తొందరేముందిలే అనుకున్నాడు. ఇప్పుడా ఎక్కని మెట్టే తన కుర్చీకి తాళం.

భార్య ఏదో అనబోయి, మానేసి, గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

వారం తిరగ్గానే పోస్టాఫీసు ఇంటికొచ్చింది. మాస్టారు బోసి సందు కనబడకుండా చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“ఏమంటున్నాడమ్మా లీడరు?”

“ఆఖరి పాటలో ఇంకో మెట్టు ఉందంటున్నారండీ. ఎక్కమంటున్నారు.”

ఆయన రుమాలు సంగతి మరిచి ముందుకి వంగాడు. “ఎక్కావా?”

“మీరు చెప్పకుండా ఎలా ఎక్కుతానండీ?”

“మంచిపని చేశావు. దానికింకా రెండేళ్లు పడుతుంది నీకు. నేను వాయించినట్టు వాయించు, చాలు.”

“అలాగే వాయిస్తున్నానండీ.”

రెండో వారం ఆవిడ రాలేదు. మూడో వారమూ రాలేదు. లీడరు రోజూ ఒక గంట ముందే రమ్మంటున్నాడని కబురు మాత్రం వచ్చింది. అయిదో వారం పాఠశాల ప్రిన్సిపాలు పరామర్శకొచ్చి, “మీ శిష్యురాలట కదా, జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారట!” అని సంబరపడిపోయాడు. ఆ రోజు మాస్టారు పాలు కూడా ముట్టలేదు. తలుపేసుకుని ట్రంపెట్ పెదవులకి ఆనించాడు. గాలి ఈల వేస్తూ పక్కకి పోయింది. కుర్చీ పోయాక గురువుగారు పదకొండేళ్లు ఒక మెట్ల కింది గదిలో పాఠాలు చెప్పుకుని పోయారు. ఆ గది గుమ్మం మాస్టారు ఒక్కసారీ తొక్కలేదు. ఇప్పుడా గదే కళ్లలో మెదులుతోంది.

ఎనిమిదో వారం, మధ్యాహ్నం, కొత్త పన్నుతో హోటల్ హాల్లో అడుగుపెట్టాడు. లీడరు పియానో దగ్గర ఒక్కడే ఉన్నాడు.

“కుదురుకుందా మాస్టారూ?”

“రాయిలా ఉంది. ఏది నా కుర్చీ?”

“ముందు ఇలా కూర్చోండి. హోటల్ యజమాని ఒక్క ట్రంపెట్ చాలంటున్నాడు. మీరా, ఆవిడా అని నన్నడిగాడు. మాస్టారి చెవి కంటే పెద్ద తక్కెడ లేదు, ఆయన్నే చెప్పమంటానన్నాను.”

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. “చెప్తాను. దానికేం?”

“ఆఖరి పాట కొస, రెండు రికార్డింగులు. ఒకటి పోయిన వారంది, ఒకటి మీ పన్ను తీయకముందుది. ఏది ముందో చెప్పను, వినండి.”

మొదటిదాంట్లో ట్రంపెట్ నాలుగు మెట్లూ ఎక్కింది. నాలుగోది ఖాళీ హాల్లో చాలాసేపు నిలబడింది. మాస్టారి కళ్లు చెమ్మగిల్లాయి. రెండోది మూడెక్కి, సాగదీసి, దిగిపోయింది.

“విన్నావా?” మాస్టారు లేచి నిలబడ్డాడు. పాపం, పోస్టాఫీసు. కానీ ఇప్పుడు జాలి పడితే మెట్ల కింది గదే. “రెండో మనిషికి ఊపిరి లేదు. ఇక రాదు కూడా. ఆ కుర్చీలో కూర్చోబెట్టావంటే వినేవాళ్లని మోసం చేసినట్టే.”

“అంత గట్టిగానా?”

“ఇంకా గట్టిగా రాసుకో.”

“పోనీ, పాఠాలు చెప్పుకోవడానికైనా...”

“తనకే లేని మెట్టు ఎదుటివాళ్లకేం నేర్పుతారయ్యా?”

లీడరు పియానో మూత నెమ్మదిగా దించాడు.

“మాస్టారూ, రెండోది మీరు.”