మింగించిన ఎర్రర్

నర్సంపేట దారిలో మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో ఆ రాత్రి మూడో గది తలుపు తెరుచుకోలేదు. లోపలినుంచి ఎవరో తడుతున్నారు. వాచ్‌మన్ ఉప్పలయ్య చిక్కుకున్నాడని, తలుపుల ప్రోగ్రాం చూసే తేజస్వి హడలిపోయింది. తలుపు పక్కనున్న కంప్యూటర్ తెరమీద మాత్రం ఏ ఎర్రరూ లేదు. ప్రోగ్రాం రాసిన రాకేష్‌కు ఫోన్ చేసింది.

“ఏ రకం ఎర్రర్ వచ్చినా తెరమీద సూపకుండ మింగెయ్యమని రాసిన అక్కా. సప్పుడుండది గదా!”

“నీ బద్ధకం పాడుగాను! అన్నం ముద్దనుకున్నవా మింగనీకి?”

ఆమె ప్రోగ్రాంలో ఆ వరుస కొట్టేసి, ఎర్రర్ రకం చూపించమని, తెలియని రకమైతే మనిషి ప్రాణం కోసం తలుపు తాళం తెరిచేయమని రాసింది.

ఇంతలో తలుపు కిందినుంచి జిగురుగా ఏదో కారి ఆమె చెప్పులకు అంటుకుంది. కుళ్లిన మాంసం కంపు కొట్టింది. తట్టే చప్పుడు కూడా తడి గుడ్డతో బాదినట్టుంది.

“జర ఆగు తాతా, తీస్తాన!” అని అరిచింది.

“ఎవలతోని మాట్లాడుతానవ్ బిడ్డా?”

చాయ్ గ్లాసుతో ఉప్పలయ్య ఆమె వెనక నిలబడి ఉన్నాడు.

“లోపల ఎవలు లేరు. నేను సూసే తలుపేసిన.”

తట్టడం ఆగింది. తెరమీద ‘రకం తెలియదు’ అని పడింది.

తాళం టక్కుమని తెరుచుకుంది.