తెర నిండా బొమ్మ

“ఈ వైరు ఎక్కడికి పోతోంది, గ్లెన్?”

లోర్నా వంగి మేజా గుడ్డ ఎత్తింది. మానిటరు వెనక నుంచి దిగిన వైరు, కింద దాచిన వీడియో టేపు మిషన్లోకి పోతోంది. మిషను దీపం వెలుగుతోంది.

పైన కంప్యూటరులో సముద్రపు అల తెర నిండా లేచి విరిగిపడుతోంది. శాన్‌హోసే కంప్యూటర్ల ప్రదర్శనకు వచ్చిన జనం వాళ్లిద్దరి కంపెనీ స్టాలు ముందు నోళ్లు వెళ్లబెట్టి నిలబడ్డారు. కంప్యూటర్లో వీడియో అంటే అప్పటికి స్టాంపంత బొమ్మ, నత్తనడక. లోర్నా రెండేళ్లు కూర్చుని రాసిన ప్రోగ్రాము కూడా అగ్గిపెట్టెంత బొమ్మనే ఆడించేది. అందుకే పొద్దున గ్లెన్ ఆ అలను చూపించి ‘నీ ప్రోగ్రామే’ అంటే ఆమెకు కళ్లు చెమర్చాయి. ఇప్పుడు ఒళ్లు మండిపోయింది.

“టేపు వేసి, మన ప్రోగ్రామని చెబుతున్నావా?”

“మెల్లగా. జనం వింటారు.”

“విననీ! నన్ను కూడా నమ్మించావు కదా, సిగ్గులేదూ?”

“అందరూ చేసేదే. నీకు మరీ చాదస్తం, లోర్నా.”

“ఈ దొంగపనిలో నా పేరు వద్దు.”

“వద్దంటే వదిలేసి పో. ఎవరు ఆపారు?”

గ్లెన్ సంచీలోంచి ముందే టైపు చేయించి పెట్టుకున్న కాగితం తీశాడు. కంపెనీలో గానీ, ప్రోగ్రాములో గానీ లోర్నాకిక ఏ హక్కూ లేదని ఉంది అందులో. లోర్నా సంతకం గీకి, పెన్ను అతని మీదకి విసిరింది. ఆరేళ్లు పక్కపక్కన కూర్చుని పనిచేసిన మనిషి. తలెత్తి చూడనైనా లేదు.

గుమ్మం దగ్గర హాల్వర్‌సన్ కాఫీ తాగుతూ కనిపించాడు. వాళ్ల ప్రోగ్రామును కొనబోతున్న పెద్ద కంపెనీ మనిషి. తలవంచుకుని దాటిపోదామనుకుంది. మనసొప్పలేదు.

“కొనకండి సార్. ఆ అల టేపులోది. నా ప్రోగ్రాముకు అంత శక్తి లేదు.”

పెద్దాయన కప్పు దించి అయోమయంగా చూశాడు.

“టేపేమిటమ్మా? మొన్న గ్లెన్ మీ ప్రోగ్రాము తెస్తే, కంప్యూటర్లో బిగించే మా కొత్త వీడియో కార్డు మీద మావాళ్లే తెర నిండా ఆడించి చూశారు. ఆ కార్డే ఇవాళ మీ స్టాల్లో కంప్యూటరుకు పెట్టాం. అక్కడ ఆడుతున్నది అచ్చంగా మీరు రాసిందే. బేరం కూడా కుదిరిపోయింది. మీరు తప్పుకుంటున్నట్టు సంతకం ఒక్కటే రావాలన్నాడు గ్లెన్. పెట్టేశారా?”