చోడంబలి గ్లాసు

“నీ గ్లాసులోనే దొరికిందమ్మా. మీ ఆయనదీ మీ అత్తదీ శుభ్రంగా ఉన్నాయి,” అంది లలితకుమారి, చేతిలోని కాగితం చూసుకుంటూ.

రోజారమణి అనుకున్నంతా అయింది. రెండుసార్లు కడుపు పోయిన మనిషి, ఇప్పుడు ఐదో నెల. రోజూ పొద్దున్నే అత్త ఎర్రమ్మ గోడవైపు తిరిగి, ఒక్క తన రాగుల చోడంబలిలోనే ఏదో కలిపి తెస్తోంది. ఏమిటని అడిగితే “నోరు మూసుకుని తాగు” అని కసురుతుంది. మందు పెడుతోందేమోనని రోజాకి కంటిమీద కునుకు లేదు. అందుకే, గుణుపురం పల్లెల్లో జనం తినే తిండిలో ఇనుమెంత, సీసమెంత అని కొలిచే లలితకుమారి వస్తే, ఎవరి గ్లాసులోది వాళ్ళది విడివిడిగా పరీక్షకి పట్టుకెళ్ళమని రహస్యంగా బతిమాలింది.

“సీసమేనేటి, మేడం?” అడిగింది రోజా.

“సీసం లేదు. పాదరసం లేదు. బంగారం ఉంది.”

రోజా నమ్మలేక, “మిషను తప్పు సూపించిందేమో,” అంది.

“నాకూ అనుమానమొచ్చి మూడుసార్లు పెట్టేను. చెరువులో చిటికెడు ఉప్పేసినా పట్టేసే మిషనది. మీ చోళ్ళలో లేదు, నూతినీళ్ళలో లేదు. నీ గ్లాసులోనే ఉంది. భయపడకు, హాని లేదు. బంగారం ఒంటికి పట్టదు, ఎలా వెళ్ళింది అలాగే పోతుంది.”

ఎక్కడో రాయగడలో కూర్చున్న మిషను గుక్కెడు అంబలి చూసి ఇంటి గుట్టు చెప్పేయడమా?

అంతలో ఎర్రమ్మ పెరట్లోంచి గ్లాసుతో రానే వచ్చింది. రోజా ధైర్యం కూడగట్టుకుంది.

“అత్తా, నా అంబలిలో బంగారం ఏల కలుపుతన్నావు?”

ఎర్రమ్మ బిత్తరపోయి లలితకుమారిని ఎగాదిగా చూసింది. “అది కూడా తెలిసిపోద్దేటి ఆ మిషనుకి?” అని అక్కడే కూలబడింది. కసురు గొంతు ఎటుపోయిందో గానీ, మాట మెత్తగా వచ్చింది.

“పుట్టిన పిల్లకి తేనెలో బంగారం రంగరించి నాకిస్తాం గదమ్మి. మనింట్లో పిల్లలు అందాకా ఆగటం నేదు. అందుకే కడుపులో ఉండగానే పెడతన్నాను. సెప్తే గుణం పోద్దంటారు.”

ఒంటికి పట్టదన్న మాట మళ్ళీ అనబోయిన లలితకుమారి కాగితం మడిచేసుకుంది. రోజాకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

“ఇంట్లో పిసరు బంగారం నేదు గదా అత్తా, ఎక్కడిది?”

ఎర్రమ్మ కొంగుముడి విప్పి అరచెయ్యి చాపింది. “మీ మామ పోయిన్నాడు నా మెళ్ళోంచి తీసిన పుస్తెలు. పుట్టింటిది అరిగిపోనాది. అత్తింటిది ఉంది గదా, నీకు నెలలు నిండీదాకా సరిపోద్ది. తాగు.”