చాచిన చెయ్యి

"ఆ దొరను పాడె దగ్గరికి రానియ్యకున్రి!" అని అంతయ్య ఒర్లిండు.

ఆ దొర పేరు యానెక్. బెల్లంపల్లి బొగ్గుబాయిల మిషన్లు బిగించనీకి పోలండు నుంచి వచ్చిండు. నిన్న ఐతారం పోలండోళ్లకు, బాయి కార్మికులకు ఫుట్‌బాల్ పోటీ పడ్డది. ఒక్క బంతి కోసం ఇద్దరు ఎగిరిన్రు, తలలు తాకినయి. యానెక్ లేచిండు. అంతయ్య కొడుకు కొండల్ లేవలే.

"కావాలని కొట్టలే కాకా," అన్నడు కొండల్‌తోని ఆడిన భూమన్న. "నేను ఆన్నే ఉన్న."

"కొట్టినోడు బతికే ఉన్నడు గదరా!"

వల్లకాటి తొవ్వల దింపుడు కల్లం కాడ పాడె దించిన్రు. అంతయ్య కొడుకు చెవుల మూడుమాట్లు పేరు పెట్టి పిలిచి, ఆన్నే కూలబడ్డడు.

"పిలిస్తే లేస్తడా?" యానెక్ వచ్చిరాని తెలుగుల అడిగిండు.

భూమన్న చెప్పిండు: "ఒక్కోపారి లేస్తరంటరు."

యానెక్ ఉరికొచ్చి పాడె మీదికి వంగిండు. ఆటల కిందపడ్డోనికి అందిచ్చినట్టు చెయ్యి చాచిండు.

"కొండల్, లే."

నలుగురు పాడె ఎత్తనీకి వచ్చిన్రు. యానెక్ చెయ్యి తియ్యలే. నిజంగనే లేస్తడని చూస్తుండు. తను పిలిచింది ఉత్త ఆచారానికేనని అంతయ్యకు అప్పుడు ఎరుకైంది.

అంతయ్య ఆ చెయ్యి పట్టుకొని లేచిండు.

"ఇగ లేవడు బిడ్డా," అన్నడు. "రా, ఈ పక్క పాడెకు భుజం పెట్టు."