రెండు సర్కిళ్ల మేస్త్రి

“ముందు నన్ను చేసుకున్నాడు. ఇల్లు నాది. ఇందులో తేల్చడానికి ఏముంది?” అంది కుట్టుపనావిడ.

“ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి,” అంది పక్క కుర్చీలోని బేకరీ ఆవిడ.

“కొమ్ములుంటే దొడ్లో ఉండాలి. ఆఫీసుకెందుకు రావడం?”

బల్లకు అవతల కూర్చున్న గుమాస్తా తలెత్తలేదు. జుట్టు బాగా నెరిసిన మనిషి. పెద్దయ్యాక రాత్రిబడిలో చదివి ఉద్యోగం తెచ్చుకుందట. నగరం ఆ చివర ఆఫీసు నుంచి బదిలీ మీద వచ్చి ఇరవై రోజులయింది. “ఒకరి తర్వాత ఒకరు చెప్పండమ్మా,” అంది నెమ్మదిగా.

కుట్టుపనావిడ చీరకొంగు వేలికి చుట్టుకుంది. ఆమె భర్త కార్పొరేషన్‌లో నీళ్ల పైపుల మేస్త్రి. పోయి నెల దాటింది. పంపుహౌసు వెనక రెండు గదుల క్వార్టర్సులో ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసింది. కిటికీ పక్కన ఆమె మిషను, గోడకు ఆమె కొట్టిన మేకులు. పిల్లలు లేరు, పుట్టిల్లు లేదు. మేస్త్రి పోతే ఆ ఇంట్లో చివరిదాకా ఉండే హక్కు చట్టప్రకారం పెళ్లాడిన భార్యది. ఆ హక్కు కాగితం కోసం వస్తే, అదే కాగితం కోసం ఇంకో ఆవిడ వచ్చి కూర్చుంది.

ఇదంతా పేట పుణ్యమే. పేట ఒకప్పుడు ఒకటే. ముప్పై ఒక్క ఏళ్ల కిందట పెద్దలెవరో పటం మీద గీత గీసి, పెద్ద రోడ్డుకు ఇటు తూర్పు సర్కిలు, అటు పడమటి సర్కిలు అన్నారు. ఎవరి ఆఫీసు వారిది, ఎవరి రిజిస్టరు వారిది. పెళ్లి రాయించుకోవడానికి ఎవరైనా వస్తే, వాళ్ల పేరు తమ రిజిస్టరులో ఉందేమో చూసేవారు. లేకపోతే ముద్ర కొట్టేసేవారు. రోడ్డు దాటితే చాలు, మగవాడు మళ్లీ బ్రహ్మచారి. పోయిన నెల రెండు సర్కిళ్లనీ తిరిగి ఒకటి చేశారు. రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి పోల్చే పని ఈ గుమాస్తాకు పడింది. ఇద్దరికీ కబురు పంపి, ఒకే రోజు, ఒకే వేళకు రప్పించింది కూడా ఆమే.

“నాది ఇరవై తొమ్మిదేళ్ల కిందట, తూర్పు సర్కిల్లో,” అంది కుట్టుపనావిడ.

“నాది ఇరవై నాలుగు, పడమట,” అంది బేకరీ ఆవిడ. “వారంలో మూడు రాత్రులు అవతలి సర్కిల్లో డ్యూటీ అనేవాడు. పాపం, ఎంత చాకిరీ అనుకునేదాన్ని.”

“నాకు నాలుగు రాత్రులు అనేవాడు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వేళ్లు మడిచి లెక్కపెట్టనక్కర లేకుండా ఏడూ సరిపోయాయి.

గుమాస్తా దరఖాస్తుతో వచ్చిన మేస్త్రి ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “కనుబొమ్మ మీద ఈ మచ్చ ఎలా పడిందన్నాడు?”

“పైపు మూత ఎగిరి తగిలిందట.”

“నాకు మాత్రం, సైకిలు కింద పడబోయిన పాపను లాగబోయి పడ్డానన్నాడు.”

గుమాస్తా ఏమీ రాసుకోలేదు. తాళంచెవులు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చేతుల్లో అట్ట ఊడిన పెద్ద రిజిస్టరు.

“ఇది పేట రెండు కాకముందుది,” అంది. “తూర్పు వాళ్లు పడమట ఉందన్నారు, పడమటి వాళ్లు తూర్పున ఉందన్నారు. ముప్పై ఏళ్లు మెట్ల కింద గదిలో పడి ఉంది. మీ మేస్త్రి పెళ్లి ఇందులో ఒకటి ఉంది. ముప్పై నాలుగేళ్ల నాటిది. రద్దయినట్టు ఎక్కడా లేదు.”

“అంటే,” అంది కుట్టుపనావిడ. “అంటే నా ఇల్లు?”

“రూలు ప్రకారం మీ ఇద్దరిదీ కాదు. ఆవిడది.”

బేకరీ ఆవిడే ముందు తేరుకుంది. రిజిస్టరు తనవైపు తిప్పుకుని వంగి చూసింది. పెళ్లికొడుకు సంతకం నిక్షేపంలా ఉంది. పెళ్లికూతురి పేరు చెమ్మకు అలుక్కుపోయింది. దాని కింద సంతకం లేదు, నల్లటి బొటనవేలి ముద్ర ఉంది.

“అక్షరం ముక్క రాని పిల్ల,” అంది. “పేరే కనపడటం లేదు. ఈ మహానగరంలో ఎక్కడని వెతుకుతారు? అసలుందో పోయిందో.”

“ఉన్నా, ఆయన పోయిన సంగతి ఆమెకెవరు చెబుతారు?” అంది కుట్టుపనావిడ. పక్కకు తిరిగింది. “చూడు చెల్లీ. గదులు రెండున్నాయి. వంటిల్లు ఒకటే అయినా సర్దుకుందాం. మిషను నా గదిలోకి లాక్కుంటాను.”

“పొద్దున్నే నేను పొయ్యి దగ్గరుంటానక్కా. నువ్వు లేచేసరికి ఖాళీ చేసేస్తాను.”

“ఆయన చేసిన పాపం మనం పంచుకుందాం, ఏం చేస్తాం.” కుట్టుపనావిడకు నెల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. బల్ల మీదికి వంగింది. “మేడమ్, మీరు దేవతలాంటివారు. ఆ పుస్తకం మెట్ల కిందే ఉంచేయండి. చదువు రాని మనిషి, ఆవిడ రాదు, అడగదు. మా ఇద్దరి పేర్లూ రాసేయండి.”

గుమాస్తా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. రిజిస్టరు మూయలేదు.

“ఆ వేలిముద్ర నాది,” అంది.